నికోటిన్ గమ్ సమీక్ష: పొగాకు నమిలే నోటికి ఇది ఎంతవరకు పనికొస్తుంది?

గుట్కా, ఖైనీ, జర్దా, స్వీడన్‌లో పెదవి కింద పెట్టుకునే స్నస్. పేరేదైనా, నోట్లో పెట్టుకునే పొగాకు మానాలనుకున్నవాళ్ళకు మందుల షాపులో సులువుగా దొరికేది నికోటిన్ గమ్. మంచి మందే. అయితే దాని పెట్టె మీద ఉండే సూచనలు ఎక్కువగా సిగరెట్ తాగేవాళ్ళను ఉద్దేశించి రాసినవి. పొగాకును గంటల తరబడి బుగ్గలో పెట్టుకునే మనిషి నోటి పరిస్థితి వేరు. అందుకే 2 మిల్లీగ్రాములు, 4 మిల్లీగ్రాములు అనే రెండు మోతాదుల గమ్‌నూ ఇక్కడ ఆ నోటి వైపు నుంచే చూస్తున్నాం. ఏ కంపెనీదైనా లోపలి మందు ఒకటే కాబట్టి బ్రాండ్ల పోలిక పెట్టడం లేదు.

తీర్పు ముందే చెప్పేస్తాం. వక్క కలవని పొగాకు వాడుతూ, నోరు పూర్తిగా తెరవగలిగి, పళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళు గమ్ నిశ్చింతగా కొనుక్కోవచ్చు. నోరు బిగుసుకుపోతున్నవాళ్ళు, కాస్త కారం తగిలినా నోరు భగ్గుమనేవాళ్ళు దీని జోలికి పోవద్దు, చర్మానికి అంటించే నికోటిన్ ప్యాచ్ తీసుకోవాలి. వక్క కలిసిన అలవాటుకు గమ్ సగం పనే చేస్తుంది.

లోపల ఏముంది

గమ్‌లో నికోటిన్ విడిగా ఉండదు. రెసిన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థానికి పట్టుకుని ఉంటుంది. ఈ కలయికనే నికోటిన్ పోలాక్రిలెక్స్ అంటారు. నములుతున్నప్పుడు లాలాజలంలోని సోడియం, పొటాషియం అయాన్లు రెసిన్‌లోకి చేరి నికోటిన్‌ను బయటికి నెడతాయి. కాబట్టి నమలకుండా ఊరికే బుగ్గలో పెట్టుకుంటే దాదాపు ఏమీ రాదు. పొరపాటున గమ్ మొత్తం మింగేసినా నికోటిన్ ఒక్కసారిగా విడుదల కాదు.

రెండో ముఖ్యమైన సరుకు సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ లాంటి క్షార లవణాలు. నోరు క్షారంగా ఉన్నప్పుడే నికోటిన్ బుగ్గ లోపలి పొర గుండా రక్తంలోకి పోతుంది. ఖైనీలో సున్నం నలిపేది కూడా సరిగ్గా ఇందుకే. సున్నం పొగాకులోని నికోటిన్‌ను త్వరగా ఇంకిపోయే రూపంలోకి మారుస్తుంది, దాంతోపాటు నోటి పొరను కూడా దెబ్బతీస్తుంది. గమ్‌లోని లవణాలు మొదటి పనిని చాలా మెత్తగా చేస్తాయి.

ఈ గమ్ పుట్టుకకు కారణం కూడా పొగలేని పొగాకే. స్వీడన్‌లోని లూండ్ నగరానికి చెందిన పరిశోధకులు, జలాంతర్గాముల్లో పొగ తాగే వీల్లేని సిబ్బంది నోట్లో పెట్టుకునే పొగాకుకు మారడం గమనించారు. ఆ సంగతి 1967లో లియో అనే మందుల కంపెనీలో పనిచేసే ఊవె ఫెర్నోకు చేరింది. పొగ లేకుండా నికోటిన్ ఒక్కటే ఇవ్వగలిగితే ఎలా ఉంటుందని ఆయన పని మొదలుపెట్టారు. 1978లో స్విట్జర్లాండ్ మొదటి అనుమతి ఇచ్చింది. అమెరికాలో 1984లో డాక్టరు చీటీ మీద, 1996 నుంచి చీటీ లేకుండా అమ్మకానికి వచ్చింది. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో నికోటిన్ గమ్, ప్యాచ్ చేరాయి.

క్యాన్సర్ సంగతికొస్తే, పొగలేని పొగాకును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ ఒకటో వర్గంలో పెట్టింది. అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన పదార్థం. నోరు, అన్నవాహిక, క్లోమం, ఈ మూడు చోట్లా. అందులో ముఖ్యమైన దోషులు పొగాకు ఆకు ఆరబెట్టి, పులిసి, నిలవ ఉండే క్రమంలో తయారయ్యే నైట్రోసమీన్లు అనే రసాయనాలు. వాటిలో ఎన్ఎన్ఎన్, ఎన్ఎన్‌కే అనే రెండూ విడిగా కూడా ఒకటో వర్గంలోనే ఉన్నాయి. నికోటిన్ ఆ జాబితాలో లేదు. అది మనిషిని అలవాటుకు కట్టిపడేస్తుంది. ఆ కట్టు విప్పేదాకా నికోటిన్‌ను ఆకు లేకుండా ఇవ్వడమే గమ్ వెనక ఉన్న తర్కం.

డబ్బా తెరిచేముందు నోరు చూసుకోవాలి

ఈ మాట ఏ పెట్టె మీదా ఉండదు. మా దృష్టిలో మాత్రం గమ్ మొదలుపెట్టేముందు చేయాల్సిన మొదటి పని ఇదే. కారణం సూటిగా ఉంది. గమ్ మొదటి రెండు మూడు వారాల్లో చాలామందికి నోటిలో మంట, చిన్నచిన్న పుళ్ళు, గొంతులో గరగర కలిగిస్తుంది. ముందే ఉన్న పుండును కూడా "గమ్ వల్ల అయిందిలే" అనుకుని వదిలేసే ప్రమాదం అక్కడే ఉంది. నోటి క్యాన్సర్ తొలిదశలో నొప్పి లేకుండా ఉండటం మామూలే కాబట్టి ఆ ఆలస్యం చాలా ఖరీదైనది.

వెలుతురు బాగా ఉన్నచోట, అద్దం ముందు, చేతులు కడుక్కుని చూడాలి. కట్టుడు పళ్ళుంటే తీసేయాలి. పెదవుల లోపలి వైపు తిప్పి చూడండి. బుగ్గను వేలితో పక్కకి లాగి చిగురుకీ బుగ్గకీ మధ్య ఉన్న సందు చివరిదాకా చూడండి. పొగాకు పెట్టుకునే సందు ఏదో మీకు తెలుసు కాబట్టి అక్కడ ఇంకాస్త ఎక్కువసేపు. నాలుకను బట్టతో పట్టుకుని ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి లాగి అంచులు చూడండి. తర్వాత నాలుక పైకెత్తి కింది భాగం. తల వెనక్కి వంచి అంగిలి. చివరగా దవడ కింద, మెడకు రెండు వైపులా వేళ్ళతో తడిమి గడ్డలున్నాయేమో చూడాలి.

వెతకాల్సినవి ఇవి. తుడిచినా పోని తెల్లమచ్చ, దీన్నే ల్యూకోప్లేకియా అంటారు. మఖ్మల్ లాంటి ఎర్రమచ్చ, అంటే ఎరిత్రోప్లేకియా. తెల్లదానికన్నా ఎర్రది చాలా ఎక్కువ ప్రమాదకరం, దాన్ని చూశాక ఒక్క వారం కూడా ఆగకూడదు. 2 వారాలు దాటినా మానని పుండు, వేలికి గట్టిగా తగిలే అంచు, కారణం లేకుండా కదిలే పన్ను, ఒకచోట తిమ్మిరి, చెవిలోకి పాకే నొప్పి, మింగేటప్పుడు అడ్డు. వీటిలో ఏది కనిపించినా గమ్ కొనడంతోపాటు దంతవైద్యుణ్ణో, చెవి ముక్కు గొంతు వైద్యుణ్ణో అదే వారంలో కలవాలి. గమ్ మొదలుపెట్టడానికి ఆ పరీక్ష అయ్యేదాకా ఆగనక్కర్లేదు, పరీక్షను మాత్రం గమ్ పూర్తయ్యేదాకా వాయిదా వేయకూడదు.

ఆ రోజే ఫోన్ వెలుగులో నోటి ఫొటోలు నాలుగైదు తీసి పెట్టుకోవడం చాలా ఉపయోగం. గమ్ కలిగించే మంట, పుళ్ళు గమ్ ఆపిన కొద్ది రోజుల్లో తగ్గిపోతాయి. ఫొటోలో అంతకుముందే ఉన్న మచ్చ అలా పోదు. పొగాకు పెట్టే చోట తేలే తెల్లని ముడతలు, మందం మాత్రం పొగాకు పూర్తిగా మానితే కొన్ని వారాల్లో చాలావరకు తగ్గుతాయి. మానాక కూడా తగ్గని మచ్చకు బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి పరీక్షించడం, అవసరమా అన్నది డాక్టరే చెప్పాలి.

ఇంకో పరీక్ష వేళ్ళతో. మీ చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్ళు మూడూ కలిపి నిలువుగా పై ముందుపళ్ళకూ కింది ముందుపళ్ళకూ మధ్య పెట్టి చూడండి. సాధారణంగా మూడూ పడతాయి. రెండే పడుతుంటే, ముఖ్యంగా వక్క నమిలే అలవాటు ఉంటే, సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ మొదలై ఉండొచ్చు. బుగ్గ లోపలి పొర కింద నారలా గట్టిపడి నోరు తెరుచుకోకుండా పోయే జబ్బు ఇది. క్యాన్సర్‌గా మారగలదు. పొగాకు, వక్క మానితే ముదరడం నెమ్మదిస్తుంది తప్ప బిగుసుకున్న నోరు దానంతటది మునుపటిలా కాదు. ఈ స్థితిలో ఉన్నవాళ్ళకు అరగంట నమలడం కష్టం, గమ్‌లోని మిరియపు ఘాటు భరించడం అంతకన్నా కష్టం. వాళ్ళకు గమ్ అంటగట్టడం పొరపాటు.

వాడే తీరు

దీన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమిలితే మొత్తం చెడుతుంది. ఆపకుండా నమిలితే నికోటిన్ అంతా కొద్ది నిమిషాల్లోనే లాలాజలంలోకి దిగిపోతుంది. అంత లాలాజలాన్ని మింగక తప్పదు. మింగిన నికోటిన్‌లో ఎక్కువ భాగం రక్తంలో తిరగకముందే కాలేయంలో విరిగిపోతుంది. పోతూ పోతూ గొంతులో మంట, ఎక్కిళ్ళు, వికారం, గుండెలో మంట ఇచ్చిపోతుంది. గమ్ పడలేదని చెప్పేవాళ్ళ నోట వినిపించే ఫిర్యాదులు సరిగ్గా ఇవే.

సరైన తీరు ఇది. ఒక గమ్ నోట్లో వేసుకుని నెమ్మదిగా, కొరుకుడుకీ కొరుకుడుకీ మధ్య ఒకటి రెండు క్షణాలు ఆగుతూ నమలండి. కాసేపటికి మిరియం కొరికినట్టు ఘాటు గానీ, నోట్లో చిమచిమ గానీ మొదలవుతుంది. వెంటనే నమలడం ఆపి గమ్‌ను బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టండి. చిమచిమ తగ్గేదాకా, అంటే ఒక నిమిషం అటూ ఇటూ, దాన్ని కదపొద్దు. తగ్గాక మళ్ళీ నాలుగైదుసార్లు నమిలి, ఘాటు రాగానే మళ్ళీ ఆపి, ఈసారి ఇంకో చోట పెట్టండి. ఇలా 30 నిమిషాలు. నమిలినా ఘాటు రాకపోతే గమ్ అయిపోయినట్టే.

పొగాకు నమిలేవాళ్ళకు ఈ దాచిపెట్టడం సులువుగానే వస్తుంది, సిగరెట్ తాగేవాళ్ళ కంటే వాళ్ళు ఇందులో ముందుంటారు. కానీ అదే సులువు ఒక చిక్కు కూడా తెస్తుంది. చెయ్యి అలవాటుగా గమ్‌ను పొగాకు పెట్టే పాత సందులోకే నెడుతుంది. ఆ చోట పొర ముందే దెబ్బతిని ఉంటుంది. మచ్చ ఉన్నది కూడా చాలాసార్లు అక్కడే. గమ్‌ను రెండో బుగ్గ వైపు, ముందు పెదవి కింద, ఇలా తిప్పుతూ పెట్టాలి, పాత సందును మాత్రం పూర్తిగా వదిలేయాలి. అలా చేస్తే ఆ చోటు మానుతోందో లేదో చూడటానికీ వీలవుతుంది.

ఉమ్మే అలవాటు మరో సమస్య. గమ్ నములుతూ మాటిమాటికీ ఉమ్మితే మందు ఉమ్మితోనే పోతుంది, మింగితే కడుపులోకి పోతుంది. రెండింటికీ విరుగుడు ఒకటే: లాలాజలం తక్కువ ఊరేలా నెమ్మదిగా నమలడం.

గమ్‌కు 15 నిమిషాల ముందు నుంచీ, నోట్లో ఉన్నంతసేపూ కాఫీ, పళ్ళరసం, కూల్‌డ్రింకులు వద్దు. అవి నోటిని ఆమ్లంగా మార్చేస్తాయి. గమ్‌లోని లవణాలు చేసే పని అంతా అక్కడితో సరి. కాఫీ తాగిన వెంటనే పొగాకు వేసుకునే అలవాటున్నవాళ్ళు ఆ వేళకే గమ్ వేసుకుని, అస్సలు పనిచేయట్లేదని అనుకుంటారు. నీళ్ళతో నోరు పుక్కిలించి, ఓ పావుగంట ఆగి వేసుకుంటే తేడా తెలుస్తుంది.

రెండా, నాలుగా?

నిద్ర లేచిన 30 నిమిషాల్లోపు మొదటి పొగాకు నోట్లో పడేవాళ్ళకు 4 మిల్లీగ్రాములు. రాత్రి నిద్రలో లేచి వేసుకునేవాళ్ళు, పొగాకు నోట్లోనే ఉంచుకుని పడుకునేవాళ్ళు, ఊరిన రసం మింగేవాళ్ళు కూడా ఇందులోకే వస్తారు. మిగతావాళ్ళకు 2 చాలు. కొన్ని చోట్ల 4 మిల్లీగ్రాములకు డాక్టరు చీటీ కావాలి. అందుకని బలమైన అలవాటున్నవాళ్ళు 2 తోనే సరిపెట్టుకోవడం, అది చాలక వారంలోనే తిరిగి పొగాకులోకి వెళ్ళడం జరుగుతుంటుంది. చీటీ రాయించుకునే శ్రమ పడితేనే మేలు.

మోతాదు ఎందుకు చాలదో కాస్త లెక్క చూద్దాం. సరిగ్గా వాడినా 2 మిల్లీగ్రాముల గమ్ నుంచి రక్తానికి చేరేది ఒక మిల్లీగ్రాము చుట్టుపక్కలే. కొంత గమ్‌లోనే మిగిలిపోతుంది, కొంత మింగడం వల్ల పోతుంది. అది కూడా అరగంటలో నెమ్మదిగా ఎక్కుతుంది. గంటల తరబడి బుగ్గలో ఉన్న పొగాకు అంతకంటే ఎక్కువ ఇస్తుంది, ఎడతెగకుండా ఇస్తుంది. అందువల్ల యావ ముదిరాక గమ్ కోసం వెతుక్కుంటే ఆలస్యమే. గడియారం చూసి వేసుకోవాలి.

పెట్టెల మీద మామూలుగా ఉండే పట్టిక ప్రకారం మొదటి 6 వారాలు గంట రెండు గంటలకు ఒకటి, 7 నుంచి 9 వారాలు రెండు నుంచి నాలుగు గంటలకు ఒకటి, 10 నుంచి 12 వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకు ఒకటి. మొదటి 6 వారాల్లో రోజుకు కనీసం 9. ఒక్క రోజులో 24 దాటకూడదు. తొలి రోజుల్లో మూడు నాలుగుతో సరిపెట్టి, తగ్గించి వాడుతున్నాను కదా అని సంతోషించేవాళ్ళకు ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవదు. తక్కువ వాడటం ఇక్కడ గొప్ప కాదు.

ఎక్కడ చెడుతుంది

మొదటి వారమే గట్టిది. చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఏకాగ్రత లేకపోవడం, ఆకలి పెరగడం, మలబద్ధకం. ఇవి మానిన రెండు మూడు రోజులకు బాగా పెరిగి, రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటాయి. మలబద్ధకం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పొద్దున పొగాకు వేసుకుంటే తప్ప కడుపు కదలదనే నమ్మకం ఎందరినో వెనక్కి లాగుతుంది. నికోటిన్ పేగులను కదిలిస్తుందనేది నిజమే. లేవగానే గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళు తాగి, తర్వాత మొదటి గమ్ వేసుకోవడం, పీచు పదార్థం పెంచడం ఆ కొద్ది రోజులూ గడిపేస్తాయి.

గమ్‌తో పాటు పొగాకు కూడా కొనసాగించడం ఇంకో రకం తప్పు. మానే తేదీ ముందు కొద్ది రోజులు తగ్గించుకుంటూ వాడటం వేరు. తేదీయే లేకుండా పొద్దున గమ్, సాయంత్రం గుట్కా అయితే నోటికి జరిగే హాని జరుగుతూనే ఉంటుంది. నైట్రోసమీన్లకు సురక్షితమైన చిన్న మోతాదు అంటూ ఏదీ లేదు.

నోరు ఖాళీగా అనిపించడం కూడా నిజమైన ఇబ్బందే. పదేళ్ళు బుగ్గలో ఏదో ఒకటి ఉన్న మనిషికి నికోటిన్ సరిపోయినా నోరు ఊరుకోదు. నికోటిన్ గమ్‌కూ గమ్‌కూ మధ్య చక్కెర లేని మామూలు చూయింగ్ గమ్ నమలొచ్చు. ఒకటే హెచ్చరిక: రెండూ ఒకే జేబులో ఉంటే, ఒకే వేగంతో నమలడం అలవాటవుతుంది. విడిగా పెట్టుకోండి.

దవడ నొప్పి వచ్చేది కూడా ఎక్కువగా నమలడం వల్లే. కట్టుడు పళ్ళకు, పళ్ళలో నింపిన పాత పూరకాలకు గమ్ అతుక్కుని వాటిని ఊడదీయగలదు. అరిగిన, కదిలే పళ్ళున్నవాళ్ళకూ ఇది సరిపడదు. దవడ కీలు జబ్బున్నవాళ్ళు అసలు మొదలుపెట్టకూడదు. సార్బిటాల్, జైలిటాల్ లాంటి తీపి పదార్థాల వల్ల కొందరికి కడుపులో గాలి చేరుతుంది, అది ప్రమాదం కాదు.

వక్క దగ్గర గమ్ చేతులెత్తేస్తుంది

గుట్కా, జర్దా వేసిన కిళ్ళీ వాడేవాళ్ళు రెండు అలవాట్లు ఒకేసారి మానాలి. వక్క కూడా ఐఏఆర్‌సీ ఒకటో వర్గంలోనే ఉంది, పొగాకు కలపకపోయినా. దానిలోని అరికోలిన్ అనే పదార్థానికి సొంత మత్తు ఉంది. నికోటిన్ గమ్ పొగాకు యావను చల్లారుస్తుంది, వక్క యావను పూర్తిగా చల్లార్చలేదు. ఇక్కడే చాలామంది "పొగాకు లేదు" అని రాసి ఉన్న మసాలా పొట్లంలోకి దిగుతారు. పొగాకు మానినట్టే ఉంటుంది, సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ మాత్రం ఆగదు, ఎందుకంటే ఆ జబ్బుకు అసలు కారణం వక్కే. పొట్లం వెనక పదార్థాల జాబితాలో వక్క ఉందో లేదో చూడండి. ఉంటే అది మానే దారిలో మెట్టు కాదు.

వక్క అలవాటు బలంగా ఉన్నవాళ్ళు గమ్‌తో పాటు కౌన్సెలింగ్ తీసుకోవడం అవసరం. ఏ వేళకు, ఏ పని చేస్తుండగా, ఎవరితో ఉన్నప్పుడు చెయ్యి పొట్లం మీదకు పోతుందో రాసుకుని, ఒక్కొక్క సందర్భానికీ ముందే జవాబు తయారుచేసుకోవడం అందులో ప్రధానమైన పని. వక్క యావకు పనిచేసే ప్రత్యేకమైన మాత్ర ఏదీ ఇప్పటిదాకా స్థిరపడలేదు.

రుజువులు ఏమంటున్నాయి, గమ్ కాకపోతే ఏది

సిగరెట్ మానడంలో గమ్‌కు బలమైన రుజువులున్నాయి. పొగలేని పొగాకు విషయంలో అంత బలం కనిపించదు. ఎన్నో పరీక్షల ఫలితాలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2015 నాటి సమీక్షలో గమ్‌తోనూ ప్యాచ్‌తోనూ స్పష్టమైన తేడా తేలలేదు. నికోటిన్ లాజెంజ్, వరెనిక్లిన్ మాత్ర, సలహా సేవలు మెరుగ్గా కనిపించాయి. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలు పొగలేని పొగాకు మానేవాళ్ళకు నికోటిన్ మందులను, వరెనిక్లిన్‌ను, కౌన్సెలింగ్‌ను సూచించాయి. గమ్ ఒక్కటే కొనుక్కుని, ఎవరితోనూ మాట్లాడకుండా మానేయాలనుకోవడం కన్నా గమ్‌తో పాటు సలహా తీసుకోవడం మేలన్నది మా గట్టి అభిప్రాయం.

లాజెంజ్ అంటే చప్పరించే బిళ్ళ. నమలక్కర్లేదు, 20 నుంచి 30 నిమిషాల్లో కరిగిపోతుంది. అదే మోతాదు గమ్ కన్నా దాదాపు పాతిక శాతం ఎక్కువ నికోటిన్ ఇస్తుంది, పూర్తిగా కరుగుతుంది కాబట్టి లోపల ఏమీ మిగలదు. పళ్ళు బాగాలేనివాళ్ళకు, కట్టుడు పళ్ళున్నవాళ్ళకు ఇదే సరైనది. కొరకకూడదు, మింగకూడదు, అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి.

ప్యాచ్ నోటిని అసలు తాకదు. 24 గంటల రకం 21, 14, 7 మిల్లీగ్రాముల్లో ఉంటుంది. రోజూ పొద్దున్నే, వెంట్రుకలు లేని పొడి చర్మం మీద, రోజుకో కొత్త చోట అంటించాలి. కలతపెట్టే కలలు వస్తే రాత్రి తీసేయొచ్చు. నోరు మండేవాళ్ళకు, తెరుచుకోనివాళ్ళకు మేము ముందుగా చెప్పేది ఇదే. నోరు బాగానే ఉండి అలవాటు బలంగా ఉన్నవాళ్ళకు, రోజంతా నిలకడగా ఉండే ఆధారానికి ప్యాచ్, మధ్యలో వచ్చే యావకు గమ్ లేదా లాజెంజ్ కలిపి వాడటం డాక్టర్లు సూచించే మార్గం.

వరెనిక్లిన్‌లో నికోటిన్ లేదు. డాక్టరు రాయాల్సిన మాత్ర, మానే తేదీకి ఒక వారం ముందు మొదలుపెట్టి 12 వారాలు వాడతారు. స్వీడన్, నార్వేల్లో స్నస్ వాడేవాళ్ళ మీద చేసి 2010లో ప్రచురించిన పరీక్షలో, ఆ 12 వారాల చివరి నాలుగు వారాలూ పొగాకు ముట్టనివాళ్ళు వరెనిక్లిన్ వాడినవాళ్ళలో 59 శాతం, మందు లేని ఉత్తి మాత్ర వాడినవాళ్ళలో 39 శాతం. వికారం దీనికి ఎక్కువగా కనిపించే దుష్ఫలితం, భోజనం చేశాక నిండు గ్లాసు నీళ్ళతో వేసుకుంటే తగ్గుతుంది.

జాగ్రత్తలు, తగ్గించడం

ఈ మధ్యే గుండెపోటు వచ్చినవాళ్ళు, గుండె లయ తప్పేవాళ్ళు, విశ్రాంతిలో ఉన్నా ఛాతీ నొప్పి వచ్చేవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్ళ లోపువాళ్ళు డాక్టరును అడిగాకే గమ్ వాడాలి. మధుమేహం ఉన్నవాళ్ళు మానే రోజుల్లో చక్కెర తరచు చూసుకోవాలి. గుండె దడ, తల తిరగడం, చెమటలు, వాంతి ఒకేసారి వస్తే నికోటిన్ ఎక్కువైనట్టు. గమ్ తీసేసి, ఆ రోజుకు ఆపి, డాక్టరుకు చెప్పాలి. వాడేసిన గమ్‌లో కూడా మందు మిగిలే ఉంటుంది. దాన్ని కాగితంలో చుట్టి మూత ఉన్న చెత్తబుట్టలో వేయండి, డబ్బాను పిల్లలకు, పెంపుడు కుక్కలకు అందనిచోట ఉంచండి.

12 వారాలయ్యాక ఒక్కసారిగా ఆపలేకపోతే గాభరా అక్కర్లేదు. 4 మిల్లీగ్రాములు వాడుతున్నవాళ్ళు ముందు 2 కు దిగవచ్చు. ప్రతి నాలుగైదు రోజులకు ఒక గమ్ తగ్గించుకుంటూ రావచ్చు. అరగంటకు బదులు పావుగంటలో తీసేయవచ్చు. రోజుకు ఒకటి రెండు మిగిలాక వాటి స్థానంలో మామూలు గమ్ పెట్టాలి. కొందరికి ఆరు నెలలు పడుతుంది. అన్ని నెలలు గమ్ వాడటం మళ్ళీ పొగాకు ముట్టడం కన్నా ఎంతో మేలు. ఆఖరి గమ్ అయ్యాక కూడా ఒకటి రెండు స్ట్రిప్పులు దగ్గర ఉంచుకోండి. అద్దం ముందు నోటి పరీక్ష నెలకోసారి చేసుకోండి, దంతవైద్యుడికి పాత సందునూ మొదట తీసిన ఫొటోలనూ చూపించండి. మానిన తర్వాత ముప్పు తగ్గడానికి సంవత్సరాలు పడుతుంది కాబట్టి ఈ చూపించుకోవడం గమ్‌తో పాటు ఆగిపోకూడదు.